రంగు ఒకటే, బతుకులు వేరు: వేడి నీలి నక్షత్రాలను విడదీసేదెలా?

ఉపరితలం 30,000 కెల్విన్ల వేడితో ఉన్న మూడు నక్షత్రాలను పక్కపక్కన ఊహించండి. మొదటిది సూర్యుడికి పదిహేను రెట్ల ద్రవ్యరాశితో పుట్టి, ఉన్న ఇంధనాన్నంతా కోటి సంవత్సరాలకు కాస్త అటూఇటూగా తగలేసుకునే భారీ తార. రెండోది సూర్యుడి ద్రవ్యరాశిలో సగం మాత్రమే ఉన్న ముసలి తార. పైపొరలన్నీ ఎప్పుడో పోగొట్టుకుని లోపలి హీలియం గుండెతో మిగిలింది. మూడోది అణుదహనం పూర్తిగా ఆగిపోయి, భూమి అంత పరిమాణానికి కుదించుకుపోయిన శ్వేతకుబ్జం. మూడింటి రంగూ నీలమే. కాని మొదటిది సూర్యుడి కంటే దాదాపు 30,000 రెట్లు ఎక్కువ కాంతి చిమ్ముతుంది. రెండోది 30 రెట్లు. మూడోది సూర్యుడి కాంతిలో పదో వంతు మాత్రమే. ఉష్ణోగ్రత సమానం కాబట్టి ఒక్కో చదరపు మీటరు నుంచి వెలువడే శక్తి కూడా సమానమే. తేడా అంతా ఒంటి పరిమాణంలోనే ఉంది.

అయితే ఆకాశంలో ఈ మూడూ మనకు చుక్కలే. దగ్గరగా ఉన్న శ్వేతకుబ్జం, చాలా దూరాన ఉన్న భారీ తార టెలిస్కోపులో ఒకే ప్రకాశంతో కనిపించవచ్చు. ఒకటి నిన్నమొన్న పుట్టినది, మరొకటి జీవితం ఎప్పుడో ముగించినది. పొరపాటున ఒకదాన్ని మరొకటిగా లెక్కిస్తే ఆ గెలాక్సీ వయసు, అందులో కొత్త తారలు పుడుతున్నాయా లేదా అన్న నిర్ణయం, అన్నీ తారుమారవుతాయి. వేడి నీలి నక్షత్రాల వర్గీకరణ మీద ఇంత శ్రమ పడడానికి కారణం ఇదే.

తోక చూసి ఏనుగును కొలవడం

వేడెక్కే కొద్దీ వస్తువు వెలువరించే కాంతి పొట్టి తరంగాల వైపు జరుగుతుంది. వీన్ సూత్రం ప్రకారం 5,772 కెల్విన్ల సూర్యుడి కాంతి 500 నానోమీటర్ల దగ్గర శిఖరానికి చేరుతుంది. అది మన కంటికి బాగా కనిపించే ప్రాంతం. 30,000 కెల్విన్ల తారకు ఆ శిఖరం 97 నానోమీటర్ల దగ్గర, 40,000 కెల్విన్ల తారకు 72 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. రెండూ అతినీలలోహిత ప్రాంతంలో చాలా లోపలికి వెళ్లిపోయాయి. మన కంటికి, నేల మీది టెలిస్కోపులకు అందేది ఆ వక్రరేఖ చివరి తోక మాత్రమే. తోక చూసి ఏనుగు ఎంత పెద్దదో చెప్పమన్నట్టు ఉంటుంది పరిస్థితి.

పైగా ఈ తోక ఆకారం వేడిని బట్టి పెద్దగా మారదు. ఖగోళ శాస్త్రవేత్తలు రంగును రెండు ఫిల్టర్లలో కొలిచిన ప్రకాశాల తేడాగా చెబుతారు. తారను ఆదర్శ కృష్ణవస్తువుగా, అంటే వేడిని బట్టి మాత్రమే కాంతి వెలువరించే వస్తువుగా తీసుకుని లెక్క వేస్తే, 30,000 నుంచి 40,000 కెల్విన్లకు ఎగబాకినా నీలి, ఆకుపచ్చ-పసుపు ఫిల్టర్ల మధ్య తేడా కేవలం 0.04 మాగ్నిట్యూడ్ (తారల ప్రకాశాన్ని కొలిచే ప్రమాణం) మారుతుంది. సూర్యుడి లాంటి తార వెయ్యి డిగ్రీలు చల్లబడితేనే ఆ రంగు దాదాపు 0.3 మారుతుంది. అంటే దృశ్యకాంతి రంగులు చల్లని తారల దగ్గర చక్కటి ఉష్ణమాపకాలు, వేడి తారల దగ్గర మొద్దుబారిన కత్తులు.

అదే లెక్కను 150 నానోమీటర్ల అతినీలలోహిత కాంతికీ, దృశ్యకాంతికీ మధ్య వేయండి. ఆ పదివేల డిగ్రీల తేడా ఇప్పుడు దాదాపు అర మాగ్నిట్యూడ్‌గా కనిపిస్తుంది, పన్నెండు పదమూడు రెట్లు స్పష్టంగా. అందుకే అతినీలలోహితం కావాలి. కాని సుమారు 300 నానోమీటర్ల కంటే పొట్టి కిరణాలను ఓజోన్, ఆక్సిజన్ పైనే ఆపేస్తాయి. మన చర్మానికి అది వరం, ఖగోళ శాస్త్రానికి అడ్డుగోడ. రాకెట్లు, ఉపగ్రహాలు వచ్చేదాకా ఆ గోడ దాటే దారి లేదు.

ధూళి ఆడే నాటకం

ఇక్కడితో కథ ముగిసిందనుకుంటే తొందరపాటే. నక్షత్రాల మధ్య ధూళి ఉంది. అది పొట్టి తరంగాలను ఎక్కువగా మింగి, తారను ఉన్నదానికన్నా ఎర్రగా చూపిస్తుంది. ధూళి వల్ల దృశ్యకాంతి రంగు 0.1 మాగ్నిట్యూడ్ ఎర్రబడిందనుకుందాం. మన గెలాక్సీలో ఇది చాలా మామూలు విలువ. అప్పుడు దృశ్యకాంతిలో తార 0.3 మాగ్నిట్యూడ్ మసకబారుతుంది. దూర అతినీలలోహితంలో మాత్రం సుమారు 0.8 మసకబారుతుంది. రెండింటి మధ్య తేడా అర మాగ్నిట్యూడ్! పైన పదివేల డిగ్రీల వేడి చూపించిన తేడా కూడా సరిగ్గా అంతే. 40,000 కెల్విన్ల తారను కాస్త ధూళి వెనక పెడితే, ధూళి లేని 30,000 కెల్విన్ల తారలా కనిపిస్తుందన్నమాట. అతినీలలోహిత కొలత ఒక్కటీ చేతిలో పెట్టుకుని ఉష్ణోగ్రత చెప్పేవారిని నేనైతే నమ్మను.

ఈ చిక్కును విప్పే ఉపాయాలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. దృశ్యకాంతి వైపు నుంచి 1953లో హెరాల్డ్ జాన్సన్, విలియం మోర్గన్ ఒక తెలివైన పని చేశారు. మూడు ఫిల్టర్లలో కొలిచి, ఒక రంగు నుంచి రెండో రంగుకు 0.72 రెట్లు తీసేస్తే ధూళి ప్రభావం చాలావరకు రద్దయిపోతుందని చూపించారు. మిగిలే సంఖ్యకు క్యూ అని పేరు. బి రకం అనే వేడి తారల ఉష్ణోగ్రతను అంచనా వేయడానికి అది నేటికీ పనికొస్తుంది. అతినీలలోహితం వైపు నుంచి ధూళే తన గుట్టు తాను బయటపెట్టుకుంది. 217.5 నానోమీటర్ల దగ్గర అది కాంతిని మరీ ఎక్కువగా మింగుతుందని 1965లో థియోడర్ స్టెచర్ రాకెట్ పరిశీలనల్లో గుర్తించారు. ఆ తరంగదైర్ఘ్యం దగ్గర తార వర్ణపటంలో లోయ ఎంత లోతుగా ఉందో చూస్తే, దారిలో ఎంత ధూళి ఉందో తెలుస్తుంది. అయితే అన్ని చోట్లా ధూళి ఒకేలా ప్రవర్తించదు. మన పక్కనే ఉన్న చిన్న మాగెలానిక్ మేఘం అనే గెలాక్సీలో చాలా దిక్కుల్లో ఈ లోయ దాదాపు కనిపించదు.

గీతలు చెప్పే సంగతులు

రంగు మోసం చేయగలదు కాని వర్ణపటంలోని నల్లని గీతలు అంత సులువుగా మోసపోవు. హార్వర్డ్‌లో యానీ జంప్ కానన్ లక్షల వర్ణపటాలను కంటితో చూసి, ఓ, బి, ఏ, ఎఫ్, జి, కె, ఎం అనే వరుసలో పేర్చారు. ఆ వరుస ఉష్ణోగ్రత తగ్గే వరుస అని, ఏ గీత ఎక్కడ బలపడుతుందో అయనీకరణే నిర్ణయిస్తుందని 1920లో మేఘనాద్ సాహా సమీకరణం విప్పి చెప్పింది. ఆ సమీకరణంతోనే 1925లో సెసీలియా పేన్ తారలు ప్రధానంగా హైడ్రోజన్, హీలియంలతో తయారయ్యాయన్న నిర్ణయానికి దారి వేశారు.

వేడి తారల దగ్గర హీలియమే ప్రధాన సాక్షి. మామూలు హీలియం గీత 447.1 నానోమీటర్ల దగ్గర, ఒక ఎలక్ట్రాన్ కోల్పోయిన హీలియం గీత 454.1 దగ్గర ఉంటాయి. రెండూ సమాన బలంతో ఉంటే ఆ తార ఓ7 (రకం పక్కన అంకె తగ్గే కొద్దీ వేడి ఎక్కువ). రెండోది బలపడుతూ పోతే ఓ5, ఓ4 వైపు. మొదటిది మిగిలి రెండోది మాయమైతే బి వైపు. బి రకంలో ఇదే పనిని సిలికాన్ గీతలు చేస్తాయి. ఇక్కడ కొలిచేది పక్కపక్కనే ఉన్న రెండు గీతల నిష్పత్తి కాబట్టి, ధూళి రెండింటినీ ఒకేలా మసకబారుస్తుంది; నిష్పత్తి చెదరదు. దృశ్యకాంతి వర్గీకరణ వందేళ్లు దాటినా పాతబడకపోవడానికి ఇది పెద్ద కారణమని నా అభిప్రాయం.

మొదట చెప్పుకున్న మూడు తారలను విడదీసేది మాత్రం గీతల బలం కంటే వాటి వెడల్పు. వాతావరణం ఎంత దట్టంగా నొక్కుకుపోయి ఉంటే, పక్కనున్న అయాన్ల, ఎలక్ట్రాన్ల విద్యుత్ క్షేత్రాలు హైడ్రోజన్ గీతలను అంత వెడల్పు చేస్తాయి. దీన్ని స్టార్క్ ప్రభావం అంటారు. ఉపరితల గురుత్వాన్ని సెంటీమీటర్-గ్రామ్-సెకను ప్రమాణాల్లో లాగరిథంగా రాస్తే భారీ బి తారకు 4, మన రెండో తార లాంటి ఉపకుబ్జానికి 5.5 చుట్టుపక్కల, శ్వేతకుబ్జానికి 8. ఒక్కో అంకెకు పది రెట్ల తేడా. అందుకే శ్వేతకుబ్జంలో హైడ్రోజన్ గీతలు విశాలమైన లోయల్లా ఉండి, వరుసలో కొన్నింటికే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అదే ఉష్ణోగ్రతలో ఉన్న, బాగా ఉబ్బిన మహాతార వర్ణపటంలో అవి సన్నగా, పదునుగా, విడివిడిగా కనిపిస్తాయి. గీత వెడల్పు చూసి తార ఒంటిని ఊహించగలగడం నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా ముచ్చటగా అనిపించే విషయం.

దీనికి తోడు ఇప్పుడు తారల దూరాలను కొలిచిన గైయా ఉపగ్రహం సమాచారం ఉంది. దూరం నేరుగా తెలిసిపోతే అసలు ప్రకాశం తెలుస్తుంది, ఒంటి పరిమాణం బయటపడుతుంది. గైయా రెండో విడత సమాచారం నుంచి 2019లో సుమారు 39,800 వేడి ఉపకుబ్జ అభ్యర్థుల పట్టికను తయారు చేశారు. అభ్యర్థులు అన్న మాటను పట్టించుకోవాలి. ఒక్కొక్క దాని వర్ణపటం తీసేదాకా అది అనుమానితుల జాబితానే.

పవనం చూపిన మరో ముఖం

అతినీలలోహితం అంటే ఉష్ణోగ్రత కొలిచే సాధనం మాత్రమేనని ఎవరూ అనుకోకుండా చేసిన సంఘటన ఒకటుంది. 1965లో డొనాల్డ్ మోర్టన్ బృందం రాకెట్‌తో ఓరియన్ నడుంపట్టీలోని నీలి చుక్కల వర్ణపటాలు తీసింది. కార్బన్, సిలికాన్ అయాన్ల గీతలు వింతగా కనిపించాయి. ఒక అంచున వెలుగు, దాని నీలి వైపున నల్లని లోయ. మనవైపు దూసుకొచ్చే వాయువు కాంతిని మింగుతోంది. డాప్లర్ ప్రభావం వల్ల ఆ మింగిన చోటు నీలం వైపు జరిగింది. లెక్క వేస్తే వేగం సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు పైనే. తార తన కాంతి ఒత్తిడితోనే తన ఒంటిని ఊదేసుకుంటోంది. ఈ ప్రవాహాన్నే నక్షత్ర పవనం అంటారు. ఇలాంటి గీతలను హంస రాశిలోని పి సిగ్ని తార పేరుతో పిలుస్తారు.

1978లో ఎగిరిన ఐయూఈ అనే అతినీలలోహిత ఉపగ్రహం 1996 వరకు పనిచేసింది. దాని వర్ణపటాలతో నోలన్ వాల్‌బోర్న్ బృందం 1985లో ఓ రకం తారల అతినీలలోహిత పటాన్ని ప్రచురించింది. అందులో తేలిన విషయం మొదట్లో ఎవరూ ధీమాగా ఊహించనిది. దృశ్యకాంతి గీతలను చూసి ఇచ్చిన పేర్లకు, అతినీలలోహితంలో కనిపించే పవన గీతలకు మంచి పొంతన కుదిరింది. ముఖ్యంగా 140 నానోమీటర్ల దగ్గరున్న సిలికాన్ గీత సాధారణ ఓ తారల్లో పవన లక్షణాన్ని దాదాపు చూపదు, మహాతారల్లో బలంగా చూపిస్తుంది. అంటే ఆ ఒక్క గీతే తార ప్రకాశ తరగతిని చెప్పేస్తుంది. ఒకటి ఉపరితలం నుంచి, రెండోది పైకి ఎగిరిపోతున్న వాయువు నుంచి వచ్చే సాక్ష్యం. రెండూ ఒకే మాట చెబితే వర్గీకరణకు బలం. చెప్పకపోతే ఆ తారలో ఇంకేదో జరుగుతోందని అర్థం, పరిశోధకులకు ఎక్కువ ఆసక్తి ఉండేది అక్కడే.

ముసలి తారలు నీలంగా ఎందుకు ఉంటాయి?

భారీ కుర్ర తారలు పాలపుంత పళ్లెంలోనే ఎక్కువగా పుడతాయి. పళ్లెం నుంచి దూరంగా, గెలాక్సీ ధ్రువాల వైపు చూస్తే నీలి చుక్కలు ఉండకూడదు. 1947లో మిల్టన్ హ్యూమసన్, ఫ్రిట్జ్ జ్వికీ అక్కడ వెతికితే మసక నీలి తారలు దొరికాయి. తర్వాత అమెరికాలోని పాలోమార్ వేధశాలలో రిచర్డ్ గ్రీన్ తదితరులు అతినీలలోహితం వైపు ప్రకాశం ఎక్కువగా ఉన్న వస్తువుల కోసం ఆకాశంలో పెద్ద భాగాన్ని జల్లెడ పట్టి, 1986లో 1,874 వస్తువుల పట్టిక ప్రచురించారు. క్వేజార్ల (దూర గెలాక్సీల నడిబొడ్డున విపరీతంగా వెలిగే వస్తువుల) కోసం ప్రసిద్ధి చెందిన పట్టిక అది. కాని అందులో ఎక్కువగా ఉన్నవి క్వేజార్లూ కావు, శ్వేతకుబ్జాలూ కావు, వేడి ఉపకుబ్జాలు. మన మూడు తారల్లో రెండోది ఆ జాతిదే.

సూర్యుడి లాంటి తార ముసలితనంలో ఉబ్బి అరుణ మహాతార అవుతుంది. అప్పుడు పక్కన తోడు తార ఉంటే, ఆ ఉబ్బిన పైపొరలను అది లాగేసుకోవచ్చు లేదా చెదరగొట్టవచ్చు. మిగిలేది సూర్యుడి ద్రవ్యరాశిలో 0.47 వంతు ఉన్న హీలియం గుండె, దాని మీద కాగితం లాంటి హైడ్రోజన్ పొర. లోపలి వేడికి పైన దుప్పటి లేకపోవడంతో ఉపరితలం 20,000 నుంచి 40,000 కెల్విన్ల దాకా ఉంటుంది. ఇంకా చిత్రం, హీలియంతో నిండిన ఈ తార వర్ణపటంలో హీలియం గీతలు చాలా బలహీనంగా ఉంటాయి. అంత గురుత్వంలో బరువైన హీలియం ఆ పలుచని పైపొర నుంచి కిందికి మునిగిపోతుంది. గీతలు చెప్పేది పైపొర సంగతే తప్ప లోపలి సంగతి కాదని గుర్తుంచుకోకపోతే ఇక్కడ పప్పులో కాలేస్తాం.

ఈ ముసలి నీలి తారలు గెలాక్సీల స్థాయిలో కూడా తికమక పెట్టాయి. 1968 డిసెంబరులో ఎగిరిన ఓఏఓ-2 ఉపగ్రహం ఆండ్రోమెడా గెలాక్సీ నడిబొడ్డును చూసినప్పుడు, ముసలి ఎర్ర తారలతో నిండి ఉండాల్సిన చోట అతినీలలోహిత కాంతి అనుకోనంతగా వస్తోంది. కొత్త తారలు పుడుతున్నాయా అన్న వాదన చాలాకాలం నడిచింది. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే సమాధానం, అవి పైపొరలు కోల్పోయిన ముసలి తారలే అన్నది.

వీటిని వర్గీకరించడానికి మంచి ప్రయోగశాలలు నక్షత్ర గుచ్ఛాలు. అందులోని తారలన్నీ దాదాపు ఒకే దూరంలో, ఒకే ధూళి వెనక ఉంటాయి కాబట్టి సగం గొడవ ముందే తీరిపోతుంది. మిగిలిన గొడవ రద్దీ. వేల తారలు కుక్కి ఉన్నచోట మసకబారిన చూపు పనికిరాదు. 2003లో ఎగిరిన గేలెక్స్ ఉపగ్రహం ఆకాశంలో చాలా భాగాన్ని అతినీలలోహితంలో చిత్రించింది గాని, దాని చూపు పదును 4 నుంచి 5 ఆర్క్‌సెకన్లు (ఈ అంకె చిన్నదైతే పదును ఎక్కువ). 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సి30 మోసుకెళ్లిన ఆస్ట్రోశాట్‌లోని యూవీఐటీ టెలిస్కోపు పదును 1.5 ఆర్క్‌సెకన్లు. గుచ్ఛాల లోపలికి తొంగిచూడడానికి ఈ తేడా చాలా పెద్దది. దాని సమీప అతినీలలోహిత భాగం 2018లో మూగబోయినా, దూర అతినీలలోహిత భాగం పని సాగించింది.

ఆ పనిలో ఒకటి చూద్దాం. ఎన్‌జీసీ 188 అనే ముసలి గుచ్ఛంలో, తోటి తారల కంటే నీలంగా, కుర్రగా కనిపించే తారలు కొన్ని ఉన్నాయి. ఇలాంటివాటిని మొదట 1953లో అలన్ శాండేజ్ ఎం3 గుచ్ఛంలో గుర్తించారు. భారతీయ ఖగోళ భౌతిక సంస్థకు చెందిన అన్నపూర్ణి సుబ్రమణ్యం బృందం 2016లో ఎన్‌జీసీ 188లోని అలాంటి ఒక తార కాంతిని దూర అతినీలలోహితం నుంచి పరారుణం దాకా ఒకే గ్రాఫు మీద పెట్టింది. ఒక ఉష్ణోగ్రతతో ఆ వక్రరేఖ కుదరలేదు. దృశ్యకాంతికి 6,000 కెల్విన్ల తార సరిపోతోంది. అతినీలలోహితానికి 17,000 కెల్విన్ల మరో తార కావాలి. ఒక చుక్కలో ఇద్దరున్నారు. పైపొరలు పోగొట్టుకున్న వేడి తార ఒకరు, ఆ పదార్థాన్ని మింగి యవ్వనం తెచ్చుకున్నది మరొకరు. దృశ్యకాంతిలో మాత్రమే చూసినవారికి వేడి తార జాడే ఉండదు, అతినీలలోహితంలో మాత్రమే చూసినవారికి చల్లనిది పోతుంది.

25 తారల వెలితి

ఇదే కథ ఇంకాస్త పెద్ద తారల్లో జరగాలి కదా? సూర్యుడి ద్రవ్యరాశిలో సగం ఉన్న, పైపొరలు ఒలిచిన తారలు వేలల్లో ఉన్నాయి. పది రెట్లకు పైబడినవి, వోల్ఫ్-రాయే రకానివి, 1867 నుంచీ తెలుసు. మధ్యలో, రెండు నుంచి ఎనిమిది రెట్ల మధ్య ఉండాల్సినవి మాత్రం దాదాపు కనిపించలేదు. భారీ తారల్లో దాదాపు మూడో వంతు జంటల్లో ఇలా ఒలిచిపోతాయని సిద్ధాంతం చెబుతోంది. హైడ్రోజన్ లేకుండా పేలే సూపర్నోవాలకు అవే మూలమని కూడా చెబుతోంది. సిద్ధాంతం తప్పా, వెతుకులాట తప్పా?

మరియా డ్రౌట్, ఇల్వా గోట్‌బెర్గ్ బృందం 2023 డిసెంబరులో సైన్స్ పత్రికలో సమాధానం ఇచ్చింది. స్విఫ్ట్ ఉపగ్రహం మాగెలానిక్ మేఘాలను తీసిన అతినీలలోహిత చిత్రాల్లో దాదాపు ఐదు లక్షల చుక్కల ప్రకాశాన్ని కొలిచి, వాటిని దృశ్యకాంతి కొలతలతో జోడించారు. మామూలు తారలు ఎంత నీలంగా ఉండగలవో ఒక హద్దు ఉంది; ఆ హద్దు దాటి నీలంగా ఉన్నవాటిని ఏరారు. ఆపై చిలీలోని మాగెలాన్ టెలిస్కోపులతో దృశ్యకాంతి వర్ణపటాలు తీశారు. ఒక ఎలక్ట్రాన్ కోల్పోయిన హీలియం గీతలు బలంగా, హైడ్రోజన్ తక్కువగా ఉన్న 25 తారలు మిగిలాయి. వివరంగా విశ్లేషించిన కొన్నింటి ఉష్ణోగ్రత 50,000 నుంచి లక్ష కెల్విన్ల దాకా ఉంది. అతినీలలోహితం వేలెత్తి చూపింది, దృశ్యకాంతి గుర్తింపు కార్డు అడిగింది. మాగెలానిక్ మేఘాలను ఎంచుకోవడంలో కూడా ఆలోచన ఉంది: దూరం తెలుసు, ధూళి తక్కువ.

అయినా 25 అన్నది చాలా చిన్న సంఖ్య, పైగా ఒక వైపుకు మొగ్గిన సంఖ్య. దొరికినవాటిలో ఎక్కువగా తోడు తార మసకగా ఉన్నవే. తోడు తార ప్రకాశవంతమైన బి రకం అయితే అతినీలలోహితంలో కూడా ఒలిచిన తారను అది కప్పేస్తుంది. రెండూ నీలమే కాబట్టి ఎన్‌జీసీ 188లో లాగా రెండు ఉష్ణోగ్రతలు విడిపోవు. వేసవి రాత్రుల్లో మనకు కనిపించే చిత్త నక్షత్రం కూడా ఒకదాని చుట్టూ ఒకటి నాలుగు రోజులకోసారి తిరిగే రెండు వేడి నీలి తారల జంటే. ఆ సంగతిని బయటపెట్టింది రంగు కాదు, గీతలు అటూఇటూ ఊగడం. దాక్కున్న ఒలిచిన తారలకూ అదే దారి: ఒక్కో దాన్ని మళ్లీ మళ్లీ వర్ణపటంలో పట్టుకుని ఊగిసలాట కొలవాలి. అతినీలలోహిత వర్ణపటాలకు ఇప్పటికీ ప్రధాన దిక్కు 1990లో ఎగిరిన హబుల్. నాసా 2030లో పంపదలచిన యూవెక్స్ టెలిస్కోపు ఆకాశమంతటినీ అతినీలలోహితంలో గేలెక్స్ కంటే లోతుగా చిత్రిస్తుంది, వర్ణపటాలూ తీస్తుంది. మాగెలానిక్ మేఘాల్లోని వేడి తారలు దాని ముఖ్య లక్ష్యాల్లో ఉన్నాయి.